రెండో సైకిల్‌కే ఆపేద్దామన్నారు: ఒక ఎండీఎస్ కేసు, దాని వెనకున్న ఎపిజెనెటిక్స్

ఎండీఎస్ అంటే మూలుగలో రక్తకణాలు సరిగ్గా ఎదగని ఒక రకం రక్త క్యాన్సర్. దానికిచ్చే అజాసైటిడిన్ రెండు సైకిళ్ళు (నెలకి ఏడు రోజుల మందు ఒక సైకిల్) తీసుకుని, రక్తకణాలు పెరగకపోగా ఇంకా తగ్గాయని ఆపేసి, మూడు నెలలకి మళ్ళీ ఇంకో డాక్టర్ కోసం తిరిగే పేషెంట్లు నాకు ఏడాదికి కొంతమందైనా కనిపిస్తారు. వాళ్ళ ఫైలు చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. ఆ మందు అంత తొందరగా పనిచెయ్యదు. ఎందుకు చెయ్యదో సైన్సు చాలా స్పష్టంగా చెబుతోంది, కానీ ఆ మాట పేషెంటు ఇంటిదాకా చేరడం లేదు. అందుకే ఈ కేసు మొదటినుంచీ చివరిదాకా రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకుంది, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆయనకి 68 ఏళ్ళు. గోదావరి లంకల్లో కొబ్బరి తోట. గుండెకి పాత స్టెంట్ ఉంది, షుగర్ లేదు. ఐదు నెలలుగా నీరసం, తోటలో రెండు గట్లు నడిస్తే ఆయాసం. వేరే చోట చూపించుకుంటే హిమోగ్లోబిన్ 7.9, ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 106 వచ్చింది. కణాలు పెద్దగా ఉన్నాయి కాబట్టి బీ12 లోపం అనుకుని ఇంజెక్షన్లు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు. అలా అనుకోవడం తప్పని నేననను, మన దగ్గర బీ12 లోపం అంత మామూలు మరి. కానీ బీ12 నిజంగా తక్కువైతే ఇంజెక్షన్ మొదలెట్టిన రెండు నెలల్లోపు హిమోగ్లోబిన్ బాగా లేచి తీరాలి. ఈయనకి లేవలేదు. లేవకపోయినా అదే మందు ఐదు నెలలు నడిచింది, మధ్యలో రెండుసార్లు రక్తం ఎక్కించారు, మూలుగ పరీక్ష ఊసు ఎవరూ ఎత్తలేదు. చిగుళ్ళ నుంచి రక్తం, కాళ్ళ మీద ఎర్ర చుక్కలు వచ్చాక మా దగ్గరికి తీసుకొచ్చారు.

మేం చూసేసరికి హిమోగ్లోబిన్ 6.8, తెల్లకణాలు 2,300, అందులో ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్స్ 690, ప్లేట్‌లెట్లు 34,000. స్లైడు నేనే చూశాను (ఇది ఎప్పుడూ ల్యాబ్‌కి వదలను). న్యూట్రోఫిల్ కేంద్రకం మామూలుగా మూడు నాలుగు తమ్మెలుగా ఉంటుంది, ఇక్కడ చాలా కణాల్లో కళ్ళజోడులా రెండే ఉన్నాయి, లోపల ఉండాల్సిన రేణువులు లేక వెలవెలబోతున్నాయి. బీ12 లోపంలో తమ్మెలు పెరుగుతాయి, ఇక్కడ తగ్గాయి. ఆ ఒక్క స్లైడు ఐదు నెలల ముందు ఎవరైనా తీరిగ్గా చూసి ఉంటే బాగుండేది.

మూలుగ తీశాం. రక్తంలో కణాలు లేవు కానీ మూలుగ నిండా కిటకిటలాడుతున్నాయి. ఎండీఎస్ అంటే ఇదే: ఫ్యాక్టరీలో పని ఆగలేదు, సరుకు బయటికి రావట్లేదు. కణాలు పుడుతున్నాయి కానీ ఎదగట్లేదు, ఎదగకుండానే లోపలే చచ్చిపోతున్నాయి. బ్లాస్టులు, అంటే ఎదగని పసి కణాలు, 12 శాతం. క్రోమోజోములు నార్మల్. జన్యు పరీక్షలో టెట్-2 జన్యువులో రెండు మార్పులు, ఎస్ఆర్ఎస్ఎఫ్-2 అనే ఇంకో జన్యువులో ఒకటి, రెండు జన్యువుల్లోనూ మార్పున్న రీడ్లు (పరీక్షలో చదివిన డీఎన్ఏ ముక్కలు) 44 శాతం దగ్గర, ప్రతి కణంలో జన్యువుకి రెండేసి కాపీలుంటాయి, మార్పు ఒక్కోదాన్లోనే ఉంటుంది. అంటే మూలుగలో దాదాపు కణాలన్నీ ఒకే చెడ్డ మూలకణం సంతానం. ఎండీఎస్ ఎంత ప్రమాదమో లెక్కగట్టే ఐపీఎస్ఎస్-ఆర్ స్కోరు 7 వచ్చింది, అత్యధిక ప్రమాదపు కోవ. ఈ కోవలో సగటు ఆయుష్షు ఏడాది కూడా లేదు, ఆ స్కోరు తయారుచేసిన లెక్కల్లో 0.8 ఏళ్ళు. మూలుగ మార్పిడికి గుండె సహకరించదు, మూలుగ ఇవ్వడానికి ఉన్న అన్నగారి వయసు ఆయనకంటే ఎక్కువ. మిగిలింది అజాసైటిడిన్.

ఇక్కడ కాస్త ఆగి ఈ మందు సంగతి చెప్పాలి, అది తెలియకపోతే తర్వాత జరిగిన దాన్లో సగం అర్థం కాదు.

మన ప్రతి కణంలో డీఎన్ఏ ఒకటే, కానీ ఏ కణం ఏ జన్యువును చదవాలో, ఏది చదవకూడదో వేరే గుర్తులు చెబుతాయి. ఆ గుర్తుల సంగతే ఎపిజెనెటిక్స్. అందులో ముఖ్యమైనది మిథైలేషన్, సైటోసిన్ అనే అక్షరం మీద ఒక చిన్న మిథైల్ ముద్ర. జన్యువు మొదట్లో ఈ ముద్రలు గుంపుగా పడితే ఆ పేజీ జిగురుతో అంటుకుపోయినట్టే, రాత ఉన్నా చదవడం కుదరదు. కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్ఏ కాపీ అవుతుంది, కొత్త పోగు మీద ముద్రలు ఉండవు, అప్పుడు డీఎన్ఎమ్‌టీ-1 అనే ఎంజైమ్ పాత పోగు చూసి కొత్తదాని మీద అవే ముద్రలు వేస్తుంది. తరతరాలకి ఆ జ్ఞాపకం అలా అందుతుంది. టెట్ ఎంజైములు చేసేది దీనికి ఎదురు పని, ముద్రలు చెరపడం. ముద్రను టెట్-1 ఎలా మారుస్తుందో అంజనా రావు బృందం 2009లో చూపించింది, అదే ఏడాది ఫ్రాన్స్ నుంచి ఇలాంటి రక్త వ్యాధుల్లో టెట్-2 పాడైపోతోందని తేలింది. మా పెద్దాయనకి చెడింది సరిగ్గా ఆ చెరిపే చెయ్యి.

1964లో ప్రాగ్‌లో పిస్కాలా, షోర్మ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు సైటిడిన్‌లో ఒక్క కార్బన్ తీసి నైట్రోజన్ పెట్టారు. అదే 5-అజాసైటిడిన్. అప్పట్లో అది కణాలను చంపే మామూలు కీమో మందుల్లో ఒకటి. 1970ల్లో పెద్ద డోసుల్లో లుకేమియాకి ఇచ్చారు, వాంతులు, విషప్రభావం భరించలేనంత ఉండేవి. అలా మరుగున పడిపోవాల్సిన మందే. కానీ పీటర్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఎలుక పిండం నుంచి తీసిన మామూలు కణాల మీద ఈ మందు వేసి చూస్తుంటే, చాలా రోజుల తర్వాత ఆ గిన్నెలో కండరం పుట్టింది. 1977లో కాన్‌స్టాంటినిడీస్, గెవర్స్‌తో కలిసి అది ప్రచురించారు. డీఎన్ఏలో కండరం రాత ముందునుంచే ఉంది, మందు ఆ పేజీ విప్పింది. 1980లో ఆయనా షర్లీ టేలరూ కలిసి దానికి కారణం చూపించారు: మందు డీఎన్ఏ మిథైలేషన్‌ని ఆపేస్తోంది. నా దృష్టిలో రక్త క్యాన్సర్ వైద్యాన్ని మార్చిన పేపర్లలో అదొకటి, అందులో క్యాన్సర్ పేషెంటు ఒక్కరూ లేకపోయినా.

ఆ తర్వాత రెండేళ్ళకే, 1982లో, తిమొతీ లే, ఆయన సహచరులు బీటా తలసీమియా ఉన్న ఒక పేషెంటుకి ఇదే మందు ఇచ్చి, పుట్టాక మూతబడిపోయే గామా గ్లోబిన్ జన్యువును మళ్ళీ పనిచేయించారు. గిన్నెలో జరిగింది మనిషిలోనూ జరిగింది. అదే తిమొతీ లే 2008లో ఒక లుకేమియా పేషెంటు మొత్తం డీఎన్ఏ చదివిన బృందాన్ని నడిపించారు, 2010లో 281 మంది ఏఎంఎల్ (వేగంగా ముదిరే ఒక లుకేమియా) పేషెంట్లలో 62 మందికి డీఎన్ఎమ్‌టీ-3ఏ అనే, ముద్రలు వేసే ఎంజైమే చెడిందని చూపించారు. ఇది నన్ను ఇప్పటికీ వదలని చిక్కుముడి. చెరిపే ఎంజైమ్ చెడినా ఇదే కోవ జబ్బు, వేసే ఎంజైమ్ చెడినా ఇదే కోవ జబ్బు! "ముద్రలు ఎక్కువైతే క్యాన్సర్, తీసేస్తే నయం" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళను నేను అందుకే నమ్మను.

మందు చేసే పని ఇలా ఉంటుంది. అజాసైటిడిన్ కణంలోకి వెళ్ళాక ఎక్కువ భాగం ఆర్ఎన్ఏలోకి, కొంత భాగం మార్పు చెంది డీఎన్ఏలోకి చేరుతుంది. డీఎన్ఏలో అది ఉన్న చోట ముద్ర వెయ్యడానికి వచ్చిన డీఎన్ఎమ్‌టీ-1 అక్కడే అతుక్కుపోతుంది, ఇక విడిపోలేదు, కణం దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. ఎంజైమ్ లేదు కాబట్టి తర్వాతి కాపీ మీద ముద్రలు పడవు. గమనించండి, ఉన్న ముద్రలను మందు చెరపట్లేదు, కొత్తవి పడనివ్వట్లేదు అంతే. కణం విడిపోయినకొద్దీ, విడిపోయినకొద్దీ పాత ముద్రలు పలచబడతాయి. పైగా డీఎన్ఏ కాపీ చేసుకుంటున్న కణమే ఈ మందును అందులోకి తీసుకుంటుంది, చర్మం కింద ఇచ్చిన మందు రక్తంలో సగం అవ్వడానికి 41 నిమిషాలు చాలు. ఎండీఎస్ మూలకణాలు చాలావరకు నిద్రలో ఉంటాయి. ఏడు రోజుల్లో ఆ కాసేపట్లో మెలకువగా ఉన్నవాటికే మందు అందుతుంది, మిగతావి వచ్చే నెల, ఆ పై నెల. మొదట దెబ్బ తినేది వేగంగా విడిపోయే కణాలు, కాబట్టి ముందు కౌంట్లు పడతాయి. ఆ తర్వాతే, ఎదగడం నేర్చుకున్న కణాలు బయటికొస్తాయి. రెండో సైకిల్ దగ్గర మందు తీసుకునే మనిషి గుంటలో అట్టడుగున ఉంటాడు.

మనుషుల మీద రుజువు కావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. లూయిస్ సిల్వర్‌మన్ బృందం 191 మంది మీద చేసిన ట్రయల్ 2002లో వచ్చింది, 2004 మేలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి. 2009లో పియర్ ఫెనో బృందం 358 మంది అధిక ప్రమాదపు ఎండీఎస్ పేషెంట్ల మీద చూపించిన లెక్క నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను: అజాసైటిడిన్‌తో సగటు ఆయుష్షు 24.5 నెలలు, అంతకుముందున్న వైద్యాలతో 15 నెలలు. ఫలితం వచ్చినవాళ్ళలో సుమారు 90 శాతం మందికి అది మొదటిసారి కనిపించింది ఆరో సైకిల్ లోపు. ఈ చివరి వాక్యాన్ని మనం పేషెంటుకి చెప్పడం మర్చిపోతున్నాం. ఒకప్పుడు ఖరీదు గురించి మాట్లాడుకుంటే గొంతు తడారేది, జనరిక్‌లు వచ్చాక పరిస్థితి చాలా మారింది. 2013లో అమెరికా మార్కెట్లోకే దీని జనరిక్ తీసుకెళ్ళింది మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్.

మళ్ళీ పెద్దాయన దగ్గరికి వద్దాం. బరువు 58 కిలోలు, ఒంటి వైశాల్యం లెక్క ప్రకారం రోజుకి 122 మిల్లీగ్రాములు. ఐదు రోజులు ఇచ్చి, శని ఆదివారాలు వదిలి, మళ్ళీ రెండు రోజులు. పొట్ట మీద చర్మం కింద, రెండు సిరంజీలుగా, రోజుకో చోట. మూడో రోజు మా వార్డులోనే ఒక పొరపాటు జరిగింది. సిస్టర్ పొద్దున్నే మందు కలిపి పెట్టేశారు, పెద్దాయన ఊరి బస్సు ఆలస్యమై మధ్యాహ్నం వచ్చారు. నీళ్ళు తగిలాక ఈ మందు చాలా తొందరగా విరిగిపోతుంది, బయట ఉంచితే గంట లోపు ఇచ్చెయ్యాలి. చూడ్డానికి మాత్రం అదే తెల్లటి మబ్బు నీళ్ళు, తేడా తెలీదు. అడిగాను కాబట్టి తెలిసింది. రెండు వయల్స్ పారబోశాం, తప్పు మాది కాబట్టి డబ్బు మేమే కట్టాం. పేషెంటు మంచం మీద కూర్చున్నాకే మందు కలపాలని ఆ రోజు గోడకి కాగితం అంటించాం, ఇప్పటికీ ఉంది.

పన్నెండో రోజు జ్వరం. న్యూట్రోఫిల్స్ 150. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, ఊపిరితిత్తిలో ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్స్, తగ్గింది. రెండో సైకిల్ వారం ఆలస్యంగా ఇచ్చాం. అది అయ్యాక హిమోగ్లోబిన్ 6.2, ప్లేట్‌లెట్లు 14,000. వారానికి రెండుసార్లు ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నాం, రక్తదాతల కోసం వాళ్ళబ్బాయి వాట్సాప్ గ్రూపుల్లో రాత్రింబవళ్ళు మెసేజులు పెడుతున్నాడు.

ఆ రోజు అబ్బాయి నా గదిలో కూర్చుని అడిగిన మాట మర్చిపోలేను. "మేడం, బీ12 ఐదు నెలలు ఇచ్చి పనిచెయ్యలేదని తెలుసుకున్నాం. ఇది కూడా అలాగే అయితే? నాన్నని ఇంటికి తీసుకుపోతాం, కనీసం ఇంట్లో ఉంటారు." అతని కోపంలో న్యాయం ఉంది. ఒక్కసారి మోసపోయిన కుటుంబానికి ఇంకో నాలుగు నెలలు ఓపిక పట్టమని ఏ మొహంతో చెప్పాలి? నాకూ టెన్షన్‌గానే ఉంది, ఫలితం రాని వాళ్ళూ సగం మంది దాకా ఉంటారు, ఈయన వాళ్ళలో ఒకరు కావచ్చు. నా చేతిలో ఉన్నది టెట్-2 మార్పు ఒక్కటే. టెట్-2 చెడి, ఏఎస్ఎక్స్ఎల్-1 అనే ఇంకో జన్యువు బాగున్నవాళ్ళకి ఈ మందు కొంచెం ఎక్కువగా పనిచేస్తుందని రాఫెల్ బెహార్ బృందం 2014లో చూపించింది. కొంచెం ఎక్కువ అంతే, గ్యారంటీ కాదు. అదే చెప్పాను. కాగితం మీద బొమ్మ గీసి, ముద్రలు పలచబడటం గురించీ, మొదట కౌంట్లు ఎందుకు పడతాయో కూడా చెప్పాను.

పక్కనే పెద్దాయన అంతా విని, కొడుకుతో కాదు, నాతో అన్నారు: "ఆయ్, అర్థమైందండి. కొబ్బరికి ఇవాళ ఎరువేస్తే ఏడాది పోతేగానీ గెల మీద తెలీదు. ఈలోగా చెట్టు కొట్టేసుకుంటామా అండీ?"

నేను పదేళ్ళుగా గీస్తున్న బొమ్మలకంటే ఆ మాట మేలు. ఇప్పుడు డెల్టా వాళ్ళెవరు వచ్చినా ఆ మాటే చెబుతాను.

మూడో సైకిల్ అయిన రెండు వారాలకి ప్లేట్‌లెట్లు 41,000. ఎక్కించింది కాదు, పది రోజులుగా ఏమీ ఎక్కించలేదు. ల్యాబ్ పొరపాటేమో అని మళ్ళీ రక్తం తీయించాను, 43,000. నాలుగో సైకిల్‌కి 96,000. ఐదో నెల నుంచి రక్తం ఎక్కించే అవసరం రాలేదు. ఆరో సైకిల్ తర్వాత హిమోగ్లోబిన్ 11.2, న్యూట్రోఫిల్స్ 1,900, ప్లేట్‌లెట్లు లక్షా అరవై రెండు వేలు, మూలుగలో బ్లాస్టులు 3 శాతం. ప్రమాణాల ప్రకారం పూర్తి రెమిషన్, అంటే కౌంట్లలో, మూలుగలో జబ్బు అదుపులోకి వచ్చినట్టే.

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఆ తర్వాతి రిపోర్టు. జన్యు పరీక్ష మళ్ళీ చేయించాం. టెట్-2 రీడ్లు 41 శాతం, ఎస్ఆర్ఎస్ఎఫ్-2 40 శాతం. దాదాపు ఏమీ తగ్గలేదు! రక్తం నార్మల్ అయింది, కానీ ఆ నార్మల్ రక్తం తయారుచేస్తున్నది అదే చెడ్డ మూలకణం సంతానం. సిడ్నీలో పిమాండా, ఉన్నికృష్ణన్ బృందం 2017లో చెప్పింది ఇదే, ఫలితం వచ్చిన పేషెంట్లలో కూడా క్లోన్ (ఆ ఒకే చెడ్డ కణం వంశం) పోదు, దాని పిల్లలు ఎదగడం నేర్చుకుంటాయి. జోన్స్ గిన్నెలో కండరంగా మారిన కణాల సంగతే మనిషి మూలుగలో జరిగింది. కలుపు పీకెయ్యలేదు, దాన్ని పంట పండించాం. మందు ఆపితే మళ్ళీ కలుపే. ఫలితం ఉన్నన్నాళ్ళూ ఆపకూడదని మనం చెప్పేదానికి ఆధారం ఇదే, ఆ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి కుటుంబానికి చూపించాను. (ఈ కోవ మందులు మన డీఎన్ఏలో మిగిలిపోయిన పాత వైరస్ ముక్కల జన్యువులను మేల్కొల్పి రోగనిరోధక శక్తిని కదిలిస్తాయని 2015లో రెండు బృందాలు చూపించాయి, అయితే ఆ పని అండాశయం, పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద జరిగింది. మా పెద్దాయనలో దాని పాత్ర ఎంతో నేను చెప్పలేను.)

పద్నాలుగు సైకిళ్ళు ఇలా నడిచాయి. తోటకి వెళ్ళేవారు, దింపు రోజు కాయలు దగ్గరుండి లెక్కపెట్టించేవారు, మా వార్డు వాళ్ళందరికీ బొండాలు తెచ్చేవారు. అప్పుడు మనవరాలి పెళ్ళి కుదిరింది. ఒక్క సైకిల్ వాయిదా వెయ్యమని అడిగారు, నేను ఒప్పుకున్నాను, మనిషి అంత బాగున్నప్పుడు ఒక నెల ఇవ్వకపోతే ఎలా అనిపించింది. పెళ్ళి, వ్రతం, చుట్టాలు, తర్వాత జలుబు, అలా పదకొండు వారాలు అయింది. ఫోన్ చేసి గట్టిగా పిలవాల్సింది నేను, పిలవలేదు. వచ్చేసరికి ప్లేట్‌లెట్లు 58,000. మళ్ళీ మొదలెట్టాం, 90,000 దాకా లేచాయి, అంతకుమించి లేదు. పద్దెనిమిదో నెలలో మళ్ళీ రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఇరవై ఒకటో నెలలో బ్లాస్టులు 23 శాతం, ఏఎంఎల్‌గా మారింది, రిపోర్టులో రంక్స్-1 అనే జన్యువులో కొత్త మార్పు. అజాసైటిడిన్ పనిచెయ్యడం మానేశాక మిగిలే సమయం చాలా తక్కువ, 435 మంది మీద ప్రెబె బృందం 2011లో ఇచ్చిన లెక్క 5.6 నెలలు. వెనెటోక్లాక్స్ అనే ఇంకో మందు కలిపి ఒక సైకిల్ ఇచ్చాం, ఇన్ఫెక్షన్ వచ్చింది, ఇక చాలమ్మా అన్నారు పెద్దాయన. ఆయన అడిగితే నేను మారుమాట చెప్పలేదు. జబ్బు తేలిన ఇరవై నాలుగో నెలలో ఇంట్లోనే పోయారు. పదమూడు నెలలు ఒక్క రక్తం సీసా లేకుండా గడిపారు.

తర్వాత అబ్బాయి ఫోన్ చేశాడు. ఆ పెళ్ళి అప్పుడు పెట్టుకోకపోతే నాన్న ఉండేవారా అని అడిగాడు. నాకూ అదే ప్రశ్న నిద్ర పట్టనివ్వట్లేదు కాబట్టి, పద్నాలుగో సైకిల్ దగ్గర, పెళ్ళికి ముందు తీసిన మూలుగ రిపోర్టు మళ్ళీ తెరిపించాను. ఆ ల్యాబ్ 5 శాతం కంటే తక్కువ ఉన్నవి రిపోర్టులో రాయదు. అసలు డేటా చూడమని అడిగితే రంక్స్-1 అప్పటికే 2 శాతం ఉందని చెప్పారు. అంటే ఆ పిల్ల పెళ్ళి పీటల మీద కూర్చోక ముందే, మందు సరిగ్గా పడుతున్నప్పుడే, ఆ కొత్త కణం పుట్టేసింది. పదకొండు వారాలు దానికి ఎంత దారిచ్చాయో ఎవరూ తేల్చలేరు, దారి ఇవ్వలేదని కూడా అనలేను. రెండూ అతనికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ఆ 2 శాతం అన్న కాగితం తనకి పంపుతారా, చెల్లికి కూడా చూపించాలి, కూతురి పెళ్ళి వల్లే అని అది ఏడుస్తోంది అన్నాడు. అదే రోజు పంపాను.